మైపాడు కెరటాలు సముద్రాన్ని కలపవు

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో నిలబడి చాలామంది అనే మాట ఒకటుంది: "ఇంతలా కొట్టుకుంటుంటే సముద్రం అడుగు దాకా కలిసిపోదా?" ఈ మాట వింటే నాకు మనసు ఊరుకోదు. కలవదండీ! అల కదలిక దాని పొడవులో సగం లోతుకు వెళ్లేసరికే దాదాపు అణిగిపోతుంది. రెండు అలల మధ్య 60 మీటర్లుంటే, 30 మీటర్ల కింద నీటికి ఆ అల సంగతే పట్టదు.

మరి కలిపేదెవరు? మన చేపల పులుసు గుర్తు తెచ్చుకోండి. చట్టి దించాక నూనె పైకి తేలుతుంది కదా. బంగాళాఖాతం మీద అలా తేలేది మంచినీళ్లు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ, మన పెన్న తెచ్చి పోసిన నీళ్లు, వాటికి తోడు వాన. ఉప్పు తక్కువ కాబట్టి తేలిక. వానలు వెనకబడ్డాక తీరం వెంబడి దక్షిణానికి దిగే ప్రవాహం ఆ నీటిని మన వైపు తెస్తుంది. కిందున్న బరువైన ఉప్పునీటిని పైకెత్తాలంటే చాలా శక్తి కావాలి.

పులుసులో గరిట పెడతామా? ముక్క చిదిరిపోతుంది. మా అమ్మ గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. సముద్రంలో ఆ చెయ్యి గాలి. గాలి ఒక్క ఊపు ఊపి వదిలేసినా, భూమి తిరుగుతుంది కాబట్టి పై పొర నీరు గడియారం ముల్లులా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. నెల్లూరు అక్షాంశం దగ్గర ఒక్కో చుట్టుకు సుమారు 48 గంటలు! నాకు భలే ఇష్టమైన లెక్క ఇది. పై పొర అలా తిరుగుతుంటే కింది పొర దాదాపు కదలదు. రెండూ ఒరుసుకునే చోట వేగాల్లో తేడా బాగా పెరిగితే ఆ సరిహద్దు మడతపడి, సుళ్లు చుట్టుకుని, చిట్లిపోతుంది. టర్బులెన్స్ అంటే ఇదే. నూనె పులుసులో కరగదు గానీ, ఇక్కడ చిట్లిన సుళ్లలో మంచినీరు, ఉప్పునీరు నిజంగానే ఒకటవుతాయి. పైన నూనె ఎక్కువైతే ఇంకా గట్టిగా తిప్పాలి, అంతే.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును అక్కడి పెద్దవాళ్లు మర్చిపోలేదు. మామూలుగా తుపాను కింది చల్లనీటిని పైకి లాగి, తన బలానికి తానే గండి కొట్టుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈ మంచినీటి మూత ఆ చల్లదనాన్ని అంత తేలిగ్గా పైకి రానివ్వదు. తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది. అందుకే ఈ కలయిక గురించి నేను ఇంతగా చెప్తున్నాను.

టైం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. రాత్రిళ్లు పై నీరు చల్లబడి, బరువెక్కి దిగుతుంది. అదీ కలుపుతుంది. ఆటుపోట్లు అండమాన్ నికోబార్ దగ్గర సముద్రం అడుగున ఉన్న గట్లకు తగిలితే, నీటి లోపలే పొరల మధ్య పదుల మీటర్ల అలలు పుడతాయి. అవి విరిగిన చోట మళ్లీ సుళ్లే. పసిఫిక్‌లో భూమధ్యరేఖ దగ్గర పై నీరు పడమరకు, దాని కింద ప్రవాహం తూర్పుకు పోతాయి. అక్కడా ఆ ఒరిపిడే.

ఇక చేపల సంగతి. పోషకాలు లోతులో ఉంటాయి, నీరు కలిస్తేనే అవి పైకొచ్చి, చేపలకు మేతయిన నాచు పెరుగుతుంది. అరేబియా సముద్రంతో పోలిస్తే మన వైపు ఆ మేత తక్కువ పుట్టడానికి ఈ మూత ఒక పెద్ద కారణం.