ఒకే పేజీలో రెండు సైగాన్‌లు

శ్రోతలకు నమస్కారం.

1963 ఆగస్టు 23వ తేదీన న్యూయార్క్ టైమ్స్ పత్రిక తెరిచిన పాఠకుడికి మొదటి పేజీలోనే ఒక వింత కనిపించింది. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో బౌద్ధాలయాల మీద జరిగిన దాడుల గురించి రెండు వార్తలు పక్కపక్కనే అచ్చయ్యాయి. ఒకటి సైగాన్ నుంచి డేవిడ్ హాల్‌బర్‌స్టామ్ పంపినది, రెండవది వాషింగ్టన్ నుంచి టాడ్ షుల్ట్జ్ రాసినది. దాడులు చేయించింది అధ్యక్షుడి తమ్ముడేననీ, సైన్యాధిపతులకు ముందుగా తెలియనే తెలియదనీ మొదటి వార్త. అధ్యక్షుడి మీద ఒత్తిడి తెచ్చి ఇదంతా నడిపించింది సైన్యాధిపతులేనని రెండవ వార్త. రెండూ నిజం కావడానికి వీల్లేదు. దక్షిణ వియత్నాం పరిస్థితి ఎంత గందరగోళంగా ఉన్నదో, సైన్యం పాత్ర గురించి వస్తున్న కథనాలు కూడా అంత పొసగకుండా ఉన్నాయన్న అర్థంలో సంపాదకులు ఒక చిన్న గమనిక జోడించి, తీర్పు పాఠకుడికే వదిలేశారు.

యుద్ధకాలంలో వియత్నాం నాయకుల అధికార పోరాటాల గురించి పత్రికలు ఏం రాశాయన్నది పెద్ద విషయం. ఈ కొద్ది నిమిషాల్లో అదంతా చెప్పబోవడం లేదు. ఆ ఒక్క పేజీ ఎలా తయారైందో మాత్రం తీరికగా చెబుతాను, ఎందుకంటే నాకు అది చాలా ఇష్టమైన పేజీ.

ముందు పేర్ల సంగతి. వియత్నామీయుల పేర్లు వినగానే మనకు నోరు తిరగదు గానీ, నిజానికి ఆ పద్ధతి మన పద్ధతే. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు చివర. అధ్యక్షుడు న్గో దిన్ డియెమ్, ఆయన తమ్ముడు న్గో దిన్ న్హూ. న్గో అన్నది ఇంటిపేరు. అందుకే అక్కడ అధ్యక్షుణ్ణి డియెమ్ అనీ, తమ్ముణ్ణి న్హూ అనీ పిలుస్తారు. ఇది గుర్తుంటే ఇక తికమక ఉండదు.

డియెమ్ కాథలిక్కు, దేశంలో అధిక సంఖ్యాకులు బౌద్ధ సంప్రదాయంలో ఉన్నవారు. ఆ ఏడాది మే 8న, బుద్ధజయంతి నాడు, హ్యూ నగరంలో బౌద్ధ పతాకాల మీద విధించిన ఆంక్ష వల్ల గొడవ మొదలై కాల్పుల దాకా వెళ్లింది. జూన్ 11న సైగాన్ నాలుగు రోడ్ల కూడలిలో తిక్ క్వాంగ్ డక్ అనే వృద్ధ భిక్షువు పద్మాసనంలో కూర్చుని తనను తాను దహించుకున్నాడు. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి మాల్కమ్ బ్రౌన్ తీసిన ఆ ఫోటోను ప్రపంచమంతా చూసింది. అంతవరకూ అది మతపరమైన వివాదం. ఆగస్టులో అది అధికార పోరాటంగా మారింది.

ఇక ఆ రాత్రికి వద్దాం. ఆగస్టు 20 సాయంత్రం కొందరు సైన్యాధిపతులు డియెమ్ దగ్గరికి వెళ్లి, దేశంలో సైనిక శాసనం విధించాలని కోరారు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి, సైగాన్‌లోని పెద్ద బౌద్ధాలయమైన సా లోయ్ ముందు లారీలు ఆగాయి. లోపలి భిక్షువులు తలుపులు మూసుకుని, ఊరికి తెలియాలని గంటలూ డప్పులూ మోగించడం మొదలుపెట్టారు. తలుపులు విరిగాయి. హ్యూతో సహా ఇతర నగరాల ఆలయాల్లోనూ అదే రాత్రి అదే జరిగింది. మొత్తం మీద 1,400 మందికి పైగా అరెస్టయ్యారు. ముందే ఉప్పందిన హాల్‌బర్‌స్టామ్, యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ విలేకరి నీల్ షీహన్ సా లోయ్ దగ్గరికి పరుగెత్తి వెళ్లి కళ్లారా చూశారు. హాల్‌బర్‌స్టామ్‌కు అప్పుడు 29 ఏళ్లు, షీహన్‌కు 26. మన ఊళ్లలోనైతే పెద్దవాళ్లు కుర్రకుంకలు అనే వయసే.

చూసిన మాట నిజమే గానీ, చూసినది ఏమిటి? యూనిఫారాలు. దాడి చేసినవారిలో అనేకులు మామూలు సైనికుల దుస్తుల్లోనే ఉన్నారు. చూసినవాడు ఎవడైనా సైన్యమే వచ్చిందనుకుంటాడు. కానీ అసలు దాడికి వచ్చినవి కర్నల్ లె క్వాంగ్ టుంగ్ కింద ఉన్న ప్రత్యేక దళాలూ, పోలీసులూ. టుంగ్ ఆజ్ఞలు తీసుకునేది సైన్యాధిపతుల దగ్గర కాదు, అధ్యక్ష భవనంలో ఉన్న అన్నదమ్ముల దగ్గర. సైనిక శాసనం ప్రకటించింది సైన్యం పేరుతో, ఆలయాల మీద పడ్డది సైన్యం బట్టలతో, నింద సైన్యం మీద. న్హూ ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కొట్టాడు: భిక్షువులను జైల్లో వేశాడు, సైన్యాధిపతులను జనం ముందు దోషులుగా నిలబెట్టాడు.

అదే రాత్రి అమెరికన్ రాయబార కార్యాలయం ఫోన్లూ, అధికారుల ఇళ్ల ఫోన్లూ తెగిపోయాయి. కొత్త రాయబారి హెన్రీ క్యాబట్ లాజ్ ఇంకా ఊళ్లో అడుగుపెట్టలేదు. ఆయన వచ్చింది 22వ తేదీ రాత్రి. మరి రాయబార కార్యాలయం వాషింగ్టన్‌కు ఏం పంపింది? తనకు అందినంత పంపింది, అంటే సైన్యం చేసిందనే. వాషింగ్టన్ అధికారులు షుల్ట్జ్‌కు అదే చెప్పారు. ఆయన వారు చెప్పినది చెప్పినట్టు రాశాడు. ఆయన అబద్ధం రాయలేదని గట్టిగా అనాలనిపిస్తుంది నాకు. తన ఊళ్లో తనకు దొరికిన నిజాన్ని రాశాడు. ఆ ఊరు సైగాన్‌కు భూగోళం అవతలి వైపు ఉంది, అంతే.

సైగాన్‌లో ఉన్నవారి కష్టం వేరు. తంతి కార్యాలయంలో సెన్సారు కూర్చున్నాడు. అందుచేత విలేకరులు వార్తను కాగితం మీద టైపు చేసి, విమానంలో పరదేశం వెళ్తున్న ప్రయాణికుడి చేతిలో పెట్టి, దిగిన చోట ఫలానా కార్యాలయానికి అందించమని బతిమాలేవారు. అలాంటి ప్రయాణికులకు వారు పెట్టుకున్న పేరు పావురాలు. జెట్ విమానాల కాలంలో రాజుల కాలపు పావురం! హాల్‌బర్‌స్టామ్ కథనం అన్ని అడ్డంకులనూ దాటుకుని న్యూయార్క్ చేరేసరికి, వాషింగ్టన్ కథనం తీరికగా, ప్రభుత్వ గౌరవంతో బల్ల మీద ఎదురు చూస్తూ ఉంది. అదే ఆ మొదటి పేజీ.

తరువాతి కథలో రేడియో ఉంది కనుక, రేడియోలో మాట్లాడుతూ దాన్ని వదిలేయలేను. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా మొదట వాషింగ్టన్ మాటనే ప్రసారం చేసింది. సైన్యమే ఆలయాల మీద పడిందని ఆ ప్రసారం వియత్నామీయుల చెవుల్లో మోగింది. సైన్యాధిపతులకు ఇది ప్రాణసంకటమైంది. జనరల్ ట్రాన్ వాన్ డోన్, జనరల్ లె వాన్ కిమ్ వంటివారు తమకు తెలిసిన అమెరికన్ల దగ్గర మొర పెట్టుకున్నారు: దాడులు మేం చేయలేదు, మా పేరు చెడుతోంది, మీ రేడియో దాన్ని సరిదిద్దాలి. ఆగస్టు 26న వాయిస్ ఆఫ్ అమెరికా మాట మార్చింది. బాధ్యులు న్హూ పోలీసులు గానీ సైన్యం కాదని చెబుతూ, అమెరికా సహాయం తగ్గించవచ్చునన్న ఊహ కూడా అందులో కలిపింది. లాజ్ తన నియామక పత్రాలు డియెమ్‌కు సమర్పించవలసింది సరిగ్గా ఆ రోజే. పెళ్లికి వెళ్లే ముందు వరుడి ఇంటి మీద రాయి విసిరినట్టయింది ఆయనకు. కోపం రాకేం చేస్తుంది?

ఇక్కడే నాకు ఆసక్తి. తప్పు వార్త సైగాన్ అధికార పోరాటంలో ఒక పావు అయింది, సరే. ఆ తప్పును దిద్దిన నిజమైన వార్త కూడా పావే అయింది. సైన్యం నిర్దోషి అని అమెరికన్ రేడియో చెప్పినప్పుడు సైన్యాధిపతులు దాన్ని కేవలం సవరణగా వినలేదు. అమెరికా తమ వైపు తిరుగుతోందన్న సూచనగా విన్నారు. ఆ తరువాత రెండు నెలలకు, నవంబర్ 1న, డువాంగ్ వాన్ మిన్ నాయకత్వంలో వారు తిరుగుబాటు చేశారు. మర్నాడు డియెమ్, న్హూ ఒక సాయుధ వాహనంలో హతులయ్యారు. అన్నదమ్ములు ఆత్మహత్య చేసుకున్నారని కొత్త పాలకులు ప్రకటించారు. తరువాత బయటికి వచ్చిన ఫోటోలో డియెమ్ చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి.

పాలకులు పత్రికలను ఊరికే వదిలారని అనుకోకండి. న్హూ దంపతుల గొంతుగా పనిచేసిన టైమ్స్ ఆఫ్ వియత్నాం అనే ఇంగ్లీషు దినపత్రిక సెప్టెంబర్ 2న అమెరికన్ గూఢచారి సంస్థ కుట్ర పన్నుతోందని పతాక శీర్షిక పెట్టింది. తిరుగుబాటు నాడు జనం దాని కార్యాలయాన్ని తగలబెట్టారు. అటు అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, హాల్‌బర్‌స్టామ్‌ను సైగాన్ నుంచి మార్చకూడదా అని న్యూయార్క్ టైమ్స్ యజమానిని అడిగాడు. యజమాని ఒప్పుకోలేదు సరికదా, లొంగినట్టు కనబడకూడదని హాల్‌బర్‌స్టామ్‌కు రావలసిన సెలవును రద్దు చేశారు. పాపం, ఆ సెలవు పోయినందుకు నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది. మరుసటి ఏడాది బ్రౌన్‌కూ ఆయనకూ కలిపి పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇక 1964లో ఒకరి తరువాత ఒకరు గద్దె ఎక్కారు, దిగారు. ఆ జాబితా చదివితే మీకు నిద్ర వస్తుంది, వదిలేస్తాను. ఒక్క మాట చాలు: జనవరిలో మిన్‌ను దించిన జనరల్ న్గుయెన్ ఖాన్‌కు డిసెంబర్‌లో అమెరికన్ రాయబారి టేలర్‌తో చెడినప్పుడు, ఆయన నేరుగా బెవర్లీ డీప్ అనే అమెరికన్ విలేకరిని పిలిచి రాయబారిని తిట్టిపోశాడు. పత్రికే ఆ తగవుకు రచ్చబండ అయింది.

వార్తలు పుట్టే చోటు గురించి కూడా చెప్పాలి. సైగాన్‌లోని పాత కాటినా వీధి కాఫీ హోటళ్లలో చెలామణీ అయ్యే పుకార్లకు విలేకరులు రేడియో కాటినా అని పేరు పెట్టారు. అందులో జివ్రాల్ అనే హోటల్లో కూర్చుని, ఎవరు ఎవరిని దించబోతున్నారో విదేశీ విలేకరులకు ఓపికగా విడమరిచి చెప్పిన వ్యక్తి ఫామ్ సువాన్ ఆన్. మొదట రాయిటర్స్‌లో, తరువాత టైమ్ పత్రికలో పనిచేశాడు. అందరూ నమ్మిన ఆ మనిషి మొదటి నుంచీ హనోయి, అంటే కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం ప్రభుత్వపు గూఢచారి అని యుద్ధం ముగిశాక గానీ బయటపడలేదు. ఆయన చెప్పిన విశ్లేషణలు తప్పులు కావు. అందుకే అందరూ నమ్మారు.

నేను కొన్నేళ్లు ఒక పత్రిక డెస్క్‌లో కూర్చుని ఏజెన్సీ వార్తలను తెలుగు చేసినవాణ్ణి. చోటు చాలనప్పుడు మేం మొదట కోసేది ఏమిటో తెలుసా? ఆ ఊరి పేరూ, చెప్పినది ఎవరన్న మాటా. వార్త అలాగే ఉంటుంది, దాని పుట్టుక మాత్రం పోతుంది. ఒకసారి నేనే అలా కోసి, ఒక ప్రతిపక్ష నాయకుడి ఆరోపణను జరిగిన సంగతిగా అచ్చు వేయించాను. మా సంపాదకులు ఆ ఉదయం పత్రికను నా ముందు పెట్టి ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది.

అందుచేత శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. ఏ దేశంలోనైనా గద్దె కోసం కొట్లాట జరుగుతోందని వార్త వచ్చినప్పుడు, దాని మొదటి పంక్తిలో ఉండే ఊరి పేరు చూడండి. ఏ ఊరి నుంచి రాశారు? తరువాత, తెలియవచ్చింది అని ఉంటే, ఎవరికి తెలిసింది, ఎవరు తెలియజేశారు అని అడగండి. ఊరి పేరు చూడండి, చెప్పినవాణ్ణి చూడండి. 1963 ఆగస్టు నాటి ఆ రెండు వార్తలకూ ఉన్న తేడా అంతా మొదటి పంక్తిలోనే ఉంది.

అయితే ఈ సూత్రం ఉత్తరాన పనిచేయదని ఒప్పుకోవాలి. హనోయిలో జివ్రాల్ హోటల్ లేదు, స్వేచ్ఛగా తిరిగే విలేకరులు లేరు. పార్టీ పత్రిక న్యాన్ జాన్‌లో నాయకుల పేర్లు ఏ వరుసలో వచ్చాయో చూసి, ఎవరు పైకి వెళ్తున్నారో ఎవరు కిందికి జారుతున్నారో బయటివారు ఊహించేవారు. ఒకరు చైనా పక్షమనీ, మరొకరు రష్యా పక్షమనీ రాసేవారు. 1967లో పార్టీలో పెద్ద ఎత్తున అరెస్టులు జరిగాయి. మాజీ సిద్ధాంతకర్త హొవాంగ్ మిన్ చిన్ జైలుకు వెళ్లాడు, పార్టీ అధినేత లె డువాన్ పట్టు బిగిసింది. హనోయి పత్రికల్లో దాని గురించి అక్షరం కూడా రాలేదు. బయటి పత్రికలకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

1969లో హో చి మిన్ మరణవార్తను హనోయి రేడియోయే ప్రకటించింది. ఊరు సరైనదే, చెప్పినవాడు సాక్షాత్తూ పార్టీ. సెప్టెంబర్ 3న కన్నుమూశారని ఆ ప్రకటన. ప్రపంచ పత్రికలన్నీ ఆ తేదీనే అచ్చు వేశాయి, వెంటనే వారసుడెవరన్న ఊహాగానాల్లో పడ్డాయి. నిజానికి ఆయన మరణించింది సెప్టెంబర్ 2న, అంటే 1945లో ఆయనే స్వాతంత్ర్య ప్రకటన చదివిన రోజు, జాతీయ పర్వదినం. ఆ పండుగ మీద మరణవార్త పడకూడదని తేదీని మర్నాటికి జరిపారు. ఆ ఒక్క రోజును పార్టీ తిరిగి సరిదిద్దింది 1989లో.

నమస్కారం.