ఉలవచారు మనకు, ఉలవలు ఎనుములకా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఉలవల గురించి మాట్లాడుకుంటున్నాం. పోషకాహార నిపుణురాలు మనతో ఉన్నారు. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే మేడం, కదిరి దగ్గర పల్లె నుంచి. మా పాప ఇంటర్ చదువుతోంది. రక్తం (హిమోగ్లోబిన్) 9 ఉందన్నారు, మాత్రలు ఇచ్చారు. వారానికి రెండుసార్లు ఉలవచారు పెడతాను. చాలదా మేడం?

నిపుణురాలు: ఉడికిన ఉలవలు ఏం చేస్తారమ్మా?

శ్రోత: ఎనుములకు పెడతాం.

నిపుణురాలు: అయ్యో, బలమంతా అటే పోతోందమ్మా! 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కాల్షియం 250 మిల్లీగ్రాముల పైనే. ఇనుము, పీచు కూడా బాగా ఉంటాయి. కట్టులోకి, అంటే ఉడికించిన నీళ్లలోకి, దిగేది కొంతే, ప్రొటీన్ చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. చారు మానకండి, గింజ మాత్రం పాపకు పెట్టండి. వాన ఆలస్యమై వేరుశనగ వేయలేకపోయిన ఏడాది కూడా మీ నేలల్లో ఉలవ పండుతుంది కదా. అంత మంచి పంటను దాణా అనుకుని వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

శ్రోత: గుగ్గిళ్లు తింటే కడుపు ఉబ్బరం అంటుంది మేడం.

నిపుణురాలు: రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. బట్టలో మూటకట్టి మొలకలు రానివ్వండి. అప్పుడు మెత్తగా ఉడికించి పోపు పెట్టండి. ఉబ్బరం తగ్గుతుంది. మొదట పిడికెడుతో మొదలుపెట్టండి. పైన నిమ్మకాయ పిండాలి, అప్పుడే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్నాక గంటసేపు టీ వద్దు. మాత్రలు మాత్రం ఆపకండమ్మా, ఉలవలు వాటికి బదులు కావు.

వ్యాఖ్యాత: మరో కాల్. చెప్పండి.

శ్రోత: నల్గొండ నుంచండి. మా నాన్నకు కిడ్నీలో చిన్న రాయి ఉంది. ఉలవకట్టు తాగితే కరిగిపోతుందంటున్నారు.

నిపుణురాలు: ఆయుర్వేదంలో ఉలవలను కులత్థ అంటారు, రాళ్లకు వాడే అలవాటు పాతదే. కానీ కరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. చిన్న రాయి చాలాసార్లు నీళ్లు బాగా తాగితేనే పడిపోతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఆయనకు ఎంత ఉంది?

శ్రోత: కొంచెం ఎక్కువే ఉందన్నారండి.

నిపుణురాలు: అయితే డాక్టర్‌ను అడగకుండా కట్టు తాగించకండి. నీళ్లు ఎంత తాగాలో కూడా ఆయన్నే అడగండి. జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా కట్టు కాచుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.