లగ్జరీ యాడ్స్‌లో ఆడవాళ్లు ఎప్పుడూ ఎందుకు పడుకునే ఉంటారు? | యాడ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి రివ్యూకి బ్యాగు లేదు, వాచీ లేదు, సెంటు సీసా లేదు. వాటిని మనకు అమ్మడానికి తీసిన ఫొటోల్నే రివ్యూ చేద్దాం. ముందే చెప్తున్నా, కొన్ని ఫొటోలు బ్లర్ చేసి పెట్టాను. ఊరి నడిబొడ్డున హోర్డింగ్ మీద మూడంతస్తుల ఎత్తున పెట్టొచ్చు గానీ ఇక్కడ మాత్రం చూపించకూడదట, సరే.

మొదట ఒకే కంపెనీవి రెండు యాడ్స్ పక్కపక్కన పెడుతున్నా చూడండి. రెండూ కాల్విన్ క్లైన్‌వే. ఎడమ పక్కన గాయని ఎఫ్‌కేఏ ట్విగ్స్, డెనిమ్ షర్టు ఒంటికి సగమే చుట్టుకుని ఉంది, 2023లో బ్రిటన్‌లో పోస్టర్‌గా వచ్చింది. కుడి పక్కన నటుడు జెరెమీ అలెన్ వైట్, న్యూయార్క్‌లో ఒక మేడ మీద అండర్‌వేర్‌తో, 2024 జనవరిలో వచ్చింది. కుడి పక్కదాన్ని జనం పండగలా షేర్ చేసుకున్నారు. ఎడమ పక్కదాన్ని సరిగ్గా అదే నెలలో బ్రిటన్‌లో యాడ్స్ మంచిచెడ్డలు చూసే సంస్థ ఏఎస్ఏ ఆపేసింది. వచ్చిన ఫిర్యాదులు రెండంటే రెండు. చూసేవాళ్ల కళ్లు బట్టల మీద కాకుండా ఆమె ఒంటి మీదే నిలిచేలా ఉంది, ఆమెను లైంగిక వస్తువుగా చూపిస్తోంది అంది ఆ సంస్థ. ట్విగ్స్ ఊరుకోలేదు, ఆ ఫొటోలో నాకు కనిపించేది ఒక బలమైన, తెల్లజాతికి చెందని స్త్రీ అని, మిగతా యాడ్స్‌కి ఒక న్యాయం నాకొక న్యాయమా అని గట్టిగానే అడిగింది. మార్చికల్లా ఏఎస్ఏ సగం వెనక్కి తగ్గింది. వస్తువుగా చూపించారన్న మాట తీసేసింది, అందరూ తిరిగే చోట పెట్టడానికి మాత్రం పనికిరాదు అన్న మాట అలాగే ఉంచింది.

నా మార్కులు అడిగితే ట్విగ్స్ ఫొటోకి ఐదుకి మూడున్నర. ఎందుకో చెప్తా. బట్ట తక్కువే, నిజమే. కానీ ఆమె నిలబడి ఉంది, ఒంటిమీద కండ ఉంది, నేరుగా మీ కళ్లలోకి చూస్తోంది. ఎవరో ఆమెను అక్కడ పడేసినట్టు లేదు, తనే వచ్చి నిలబడినట్టు ఉంది. ఒంటిమీద ఎన్ని అంగుళాల బట్ట ఉంది అని కొలతపెట్టి చూసేవాళ్లకు ఈ తేడా దొరకదు, అందుకే పాపం ఆ సంస్థ కూడా ఒకసారి ఒకటి చెప్పి రెండు నెలలకు సవరించుకోవాల్సి వచ్చింది.

మరి దేన్ని చూడాలి? ఎర్వింగ్ గాఫ్‌మన్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త 1970ల్లోనే వందల యాడ్ ఫొటోలు ముందేసుకుని కూర్చుని దీనికి ఒక పద్ధతి చూపించాడు. ఆయన బట్టల సంగతి పెద్దగా పట్టించుకోలేదు. చేతులు చూశాడు. యాడ్స్‌లో మగాడు వస్తువును పట్టుకుంటాడు, వాడతాడు, తిప్పుతాడు. ఆడమనిషి దాన్ని వేళ్ల కొసలతో అలా తాకుతుంది, నిమురుతుంది, లేదంటే తన చెంపనో మెడనో తనే తాకుతుంది. తర్వాత ఎత్తు చూశాడు, ఎవరు పైన ఉన్నారు, ఎవరు కింద ఉన్నారు. నేల మీదా మంచం మీదా సోఫాలోనూ పడి ఉండేది ఎక్కువగా ఆడవాళ్లే, నిలబడినా ఒక మోకాలు వంచి, తల పక్కకు వాల్చి, ఎవరైనా తోస్తే పడిపోయేలా ఉంటారు. ఇక చూపు. మగాడి చూపు ఎక్కడో ఒకచోట నిలుస్తుంది, ఆడమనిషి మాత్రం అక్కడ ఉండీ లేనట్టు, మనసు ఇంకెక్కడో ఉన్నట్టు ఉంటుంది. గాఫ్‌మన్ చూసినవి మామూలు పత్రికల్లో వచ్చిన యాడ్స్. కానీ ఇప్పుడు వీడియో పాజ్ చేసి మీకు గుర్తొచ్చిన ఏదైనా ఖరీదైన సెంటు యాడ్ తీసి చూడండి, చేతులు, ఎత్తు, చూపు, ఈ మూడే. నేను ఆగుతా.

చూశారా. సరే, ఇప్పుడు అసలు కేసు. డోల్చే అండ్ గబ్బానా, 2007. ఇది పూర్తిగా బ్లర్ చేశా కాబట్టి మాటల్లో చెప్తా. నల్లటి పొట్టి బట్టలు, హై హీల్స్ వేసుకున్న అమ్మాయి నేల మీద వెల్లకిలా ఉంది. చొక్కా లేని ఒకడు ఆమె మీదికి వంగి రెండు మణికట్లూ నేలకు అదిమి పట్టాడు. చుట్టూ మిగతా మగాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆమె ముఖం పక్కకు తిరిగి ఉంది, ముఖంలో సంతోషమూ లేదు భయమూ లేదు, ఏమీ లేదు. వెనకాల నీలాకాశం, ఒళ్లంతా నూనె రాసినట్టు మెరుపు, లైటింగ్ అద్భుతం. అదే ఇక్కడ నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది, ఫొటో అంత బాగా తీశారు. స్పెయిన్‌లో మహిళా సంస్థలు, ప్రభుత్వం అభ్యంతరం చెబితే కంపెనీ ఏమందో తెలుసా, స్పెయిన్ వెనకబడి ఉంది అంది, అని అక్కడ మాత్రం యాడ్ తీసేసింది. తర్వాత సొంత దేశం ఇటలీలోనే యాడ్స్ రంగం తనకు తాను పెట్టుకున్న నియంత్రణ సంస్థ దాన్ని నిషేధించింది. మరి ఇటలీ కూడా వెనకబడే ఉందేమో.

అది ఒక ఆట, కల లాంటిది, కళ అని వాదించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఈ వీడియో కింద తప్పకుండా వస్తారు. వాళ్లకు నా ప్రశ్న ఒకటే. చుట్టూ నిలబడ్డవాళ్లు ఎందుకున్నారు? ఇద్దరి మధ్య ఆట అయితే ఇద్దరు చాలు. ఆ నిలబడ్డవాళ్లలో ఒక్కడు కూడా ఆమె ముఖం వంక చూసి నీకు ఇష్టమేనా అన్నట్టు లేడు, అందరూ తమ వంతు కోసం ఆగినట్టున్నారు. ఆ ఫ్రేమ్‌లో చూసేవాడి స్థానం కూడా ఆ వరసలోనే ఉంది, అంటే యాడ్ మిమ్మల్ని కూడా తీసుకెళ్లి అక్కడే నిలబెట్టింది. సున్నా మార్కులు. లైటింగ్‌కి కూడా ఇవ్వను.

దీనికి పక్కన వైఎస్ఎల్, అంటే ఈవ్ సెయింట్ లారెంట్ వాళ్ల ఓపియం సెంటు యాడ్ పెట్టి చూడండి, 2000లో వచ్చింది. మోడల్ సోఫీ డాల్, ఫొటో తీసింది స్టీవెన్ మైసెల్. బంగారు చెప్పులు, నగలు తప్ప ఒంటిమీద ఏమీ లేవు, వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని ఉంది. బ్రిటన్‌లో 900కి పైగా ఫిర్యాదులు వచ్చి పోస్టర్లు దింపించారు. బట్ట లెక్క చూస్తే ఇది డోల్చేవాళ్ల యాడ్ కంటే ఎక్కువ నగ్నం. కానీ ఇందులో ఇంకెవరూ లేరు, ఆమె సుఖం ఆమెది, ఎవరి బలవంతమూ కనిపించదు. పత్రికల్లో వస్తే పర్వాలేదు, హోర్డింగ్ మీద వద్దు అన్న తీర్పు నాకు న్యాయంగానే అనిపిస్తుంది, పత్రిక కొనుక్కునేవాళ్లు తెరవాలనుకుని తెరుస్తారు, హోర్డింగ్ బస్సు కోసం నిలబడ్డ అందరి మొహాన ఉంటుంది. రెండున్నర ఇస్తా. మళ్లీ పడుకోబెట్టారు కదా, అందుకని మిగతా సగం కోత.

అసలు ఇంత పెద్ద బ్రాండ్లకు ఈ అవసరం ఏంటి అని చాలామంది అడుగుతారు. లెక్క చాలా మామూలుది. ర్యాంప్ మీద నడిచే ఆ గౌన్లు కొనేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. ఆ పేరు పెట్టుకుని సెంటు, లిప్‌స్టిక్, కళ్లద్దాలు, లోదుస్తులు కొనేవాళ్లు మాత్రం బోలెడుమంది. సెంటు వాసన కాగితంలోంచి రాదు, తెరలోంచీ రాదు. లోదుస్తుల్లో ఒకదానికీ ఇంకోదానికీ దూరం నుంచి చూస్తే పెద్ద తేడా ఉండదు. చూపించడానికి వస్తువులో ఏమీ లేనప్పుడు కోరికను చూపిస్తారు. దానికి గొడవ కూడా తోడైతే ఖర్చు లేని ప్రచారం. 2003లో గూచీ ఒక యాడ్ వేసింది, టామ్ ఫోర్డ్ అక్కడ క్రియేటివ్ డైరెక్టర్‌గా ఉన్న రోజులు, మోడల్ లోదుస్తు కిందికి లాగితే అక్కడి వెంట్రుకలు కంపెనీ మొదటి అక్షరం ఆకారంలో కత్తిరించి ఉంటాయి, ముందు ఒక మగాడు మోకాళ్ల మీద. అమ్మే బట్ట ఏదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, నేనూ చెప్పలేను, కానీ ఇరవై ఏళ్లు దాటాక కూడా నేను దాని పేరు చెప్తున్నా కదా, వాళ్ల పని నెరవేరినట్టే. 2017లో ప్యారిస్‌లో అదే వైఎస్ఎల్ వాళ్ల సెయింట్ లారెంట్ పోస్టర్లదీ ఇదే కథ, చక్రాలున్న హై హీల్స్ వేసుకుని వంగి ఉన్న బక్క అమ్మాయిలు, కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్న పోజులు. అక్కడి నియంత్రణ సంస్థ తీసేయమంది. అప్పటికే అందరూ చూసేశారు. ఇలాంటి తీర్పులు ఎప్పుడూ పెళ్లయ్యాక వచ్చే బాజాలే.

పిల్లల విషయం త్వరగా చెప్పి వెళ్లిపోతా, దీనికి నేను మార్కులు వేయను. 1980లో కాల్విన్ క్లైన్ జీన్స్ యాడ్‌లో నాకూ నా జీన్స్‌కీ మధ్య ఏమీ లేదు అనే అర్థం వచ్చే డైలాగ్ చెప్పినప్పుడు బ్రూక్ షీల్డ్స్‌కి 15 ఏళ్లు. 1995లో అదే కంపెనీ చవక చెక్క గోడల గదిలో, కెమెరా వెనక నుంచి ఒక మగ గొంతు ప్రశ్నలడుగుతుంటే, చిన్నవాళ్లలా కనిపించే మోడల్స్‌తో యాడ్స్ తీసింది, అమెరికా న్యాయశాఖ విచారణ దాకా వెళ్లింది, కేసు పెట్టలేదు, యాడ్స్ వెనక్కి తీసుకున్నారు. 2011లో మార్క్ జేకబ్స్ సెంటు యాడ్‌లో 17 ఏళ్ల డకోటా ఫానింగ్ తొడల మధ్య సీసా పెట్టారు, బ్రిటన్‌లో ఆపేశారు. ఇన్నేళ్లలో ఈ ఐడియా చెప్పిన మీటింగ్‌లో ఒక్కరైనా లేచి ఛీ అనలేదా?

మగాళ్ల సంగతి చూద్దాం. మగాడిని కూడా విప్పుతున్నారు కదా, సమానమే కదా అంటారు. 1982లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కాల్విన్ క్లైన్ పెట్టిన పెద్ద హోర్డింగ్ చూడండి, పోల్‌వాల్ట్ ఆటగాడు టామ్ హింట్‌నాస్, తెల్లటి అండర్‌వేర్. కెమెరా కింద ఉంది, అతను ఆకాశంలోకి లేచిన విగ్రహంలా ఉన్నాడు. జెరెమీ అలెన్ వైట్ కూడా మేడ ఎక్కుతాడు, ఒళ్లు వంచుతాడు, అంతా అయ్యాకే సోఫాలో వాలతాడు, అంటే విశ్రాంతి సంపాదించుకున్నాడన్నమాట. ఆడమనిషికి ఆ వరస ఉండదు, సీన్ మొదలయ్యేసరికే పడుకుని ఉంటుంది. బట్టలు పూర్తిగా వేసుకున్న యాడ్స్‌లో కూడా ఇదే తంతు. పటెక్ ఫిలిప్ వాచీలవాళ్లు 1996 నుంచి నడుపుతున్న ప్రచారం తెలుసు కదా, ఈ వాచీ మీది కాదు, తర్వాతి తరం కోసం దాచిపెడుతున్నారంతే అని. తీయటి ఫొటోలు, తండ్రి, కొడుకు. తల్లీకూతుళ్లతోనూ తీశారు గానీ ఆ మాట వినగానే కళ్లముందుకొచ్చేది తండ్రీకొడుకులే. ఒక్క అంగుళం చర్మం కూడా కనిపించదు, కానీ ఆస్తి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్తుందో నేర్పించేస్తుంది. దీన్ని ఏ సంస్థా ఆపదు, ఆపమని నేనూ అనను, చూసి ఒక మాట అనుకుంటే చాలు.

తిరగేసి చూద్దామని కూడా ఒకళ్లు ప్రయత్నించారు. 2017లో సుయిస్టూడియో అనే బ్రాండ్, ఆడవాళ్లు చక్కగా సూటు వేసుకుని నిలబడితే పక్కన సోఫాలో బట్టల్లేని మగాడు, ముఖం కూడా కనిపించదు. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది. రెండోసారి చూస్తే, ముఖం లేని మనిషిని ఫర్నిచర్‌లా పెట్టే అలవాటు అలాగే ఉంది, మనిషి మారాడు అంతే అని తెలుస్తుంది. అయినా ఆ సూట్లలో ఆడవాళ్లు నిటారుగా నిలబడ్డారు, అందుకే రెండు మార్కులు.

చివరిది ఫ్రెంచ్ ఫ్యాషన్ బ్రాండ్ సెలీన్, 2015. ఫొటో యుర్గెన్ టెల్లర్. నల్లటి స్వెట్టరు, పెద్ద నల్ల కళ్లద్దాలు, తెల్లబడ్డ జుట్టు, మెడలో పెద్ద లాకెట్. మోడల్ పేరున్న అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్, అప్పటికి 80 ఏళ్లు. ముడతలు దాచలేదు, నవ్వమని అడగలేదు, పడుకోమని అసలే అనలేదు. ఆ కళ్లద్దాలు కావాలని అందరికీ అనిపించింది, నాకూ అనిపించింది, అంటే యాడ్‌గా కూడా పనిచేసింది. ఐదుకి నాలుగున్నర. అర మార్కు ఎందుకు కోశానంటే, ఆమె జోన్ డిడియన్ కాబట్టే ఆ ముఖానికి అక్కడ చోటిచ్చారు. అదే వయసులో ఉన్న, పేరు ఎవరికీ తెలియని ఒక మోడల్‌తో అలాంటి ఫొటో తీసి అంతే పెద్దగా వేయండి, ఆ అర మార్కు కూడా ఇచ్చేస్తా.