పెదనాన్న మగ్గం, బర్సైటిస్ నొప్పి

నమస్కారం అండీ. కోవూరు దగ్గర పాటూరులో మా పెదనాన్న నలభై ఏళ్లుగా గుంట మగ్గం మీద చీరలు నేస్తున్నారు. ఈమధ్య చెక్క మీద కూర్చుంటే చాలు, కుడి పిరుదు కింద ఒకటే పోటు. లేచి నిలబడితే తగ్గేది. వయసు మీద పడింది, కీళ్లవాతం అనుకున్నాం. డాక్టరు చూసి బర్సైటిస్ అన్నారు.

ఎముకకీ, దాని మీద కదిలే కండరానికీ మధ్య పల్చటి సంచి ఒకటి ఉంటుంది. అదే బర్సా. ఒంట్లో ఇలాంటివి 150 దాకా ఉంటాయి. ఖాళీ అయిన నూనె ప్యాకెట్‌ని వేళ్ల మధ్య పెట్టి రుద్ది చూడండి. లోపల మిగిలిన రెండు చుక్కలకే పొరలు ఎంత బాగా జారతాయో! బర్సా పని కూడా అదే. అయితే ఒకే చోట రోజూ గంటల తరబడి ఒత్తిడి పడితే ఆ పొర వాచి మందమవుతుంది. నీరు ఎక్కువగా ఊరుతుంది. ఇదే బర్సైటిస్. దాని మీద మళ్లీ బరువు పడితే నొప్పి పుట్టదా మరి?

పెదనాన్నకు వచ్చిన దానికి ఇంగ్లీషులో ఎప్పటినుంచో 'వీవర్స్ బాటమ్' అనే పేరుంది. నేతగాళ్ల పిరుదు అని. ఆ మాట చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. "అయితే మావాళ్లందరికీ ఉన్నదే అన్నమాట" అన్నారు. నాకు గొంతు పట్టేసింది.

ఒంగోల్లో, నెల్లూరులో అపార్ట్‌మెంట్లకు చీమకుర్తి గ్రానైట్ పరిచే అన్నల మోకాళ్లు చూడండి. కొందరికి చిప్ప మీద నిమ్మకాయంత బుడిపె కనిపిస్తుంది. అదీ ఇదే. రోజంతా మోకాళ్ల మీదే పని కదా. పెయింటర్లకు చెయ్యి పైకెత్తి ఎత్తి భుజంలో ఇది వస్తుంది. గట్టి దెబ్బ తగిలినా, గౌట్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి కీళ్ల జబ్బులు ఉన్నా రావచ్చు.

ఒక్క విషయం మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. మోకాలి మీద చిన్న గీరుడు చాలు, సూక్ష్మక్రిములు ఆ సంచిలోకి దిగడానికి. వాచిన చోట ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చిందంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయొద్దు. ఇంట్లో సూదితో పొడిచి నీరు తీసే పని పెట్టుకోవద్దు.

టైల్స్ పనికి వెళ్లేవాళ్లు మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకోండి. పెదనాన్న చెక్క మీద ఇప్పుడు పాత బొంత నాలుగు మడతలేసి పరిచాం. అరగంటకోసారి లేచి వాకిట్లో నిలబడుతున్నారు. మగ్గం చప్పుడు ఆగగానే పెద్దమ్మ మజ్జిగ గ్లాసుతో బయటికి వస్తోంది.