పదును ముందు, ఇంజను తరువాత: చైన్‌సా సానపట్టే వృత్తి

శ్రోతలకు నమస్కారం.

తోటల యజమానులు, చెట్ల కొమ్మలు కొట్టేవారు, కలప కోసేవారు, విద్యుత్ తీగల మీదికి వాలిన కొమ్మలను తొలగించే సిబ్బంది, వీరందరికీ నేడు చైన్‌సా, అంటే ఇంజనుతో తిరిగే గొలుసు రంపం, నిత్యావసరమైన పనిముట్టు. అయితే ఆ యంత్రాన్ని అమ్మేవారు దొరికినంత సులభంగా దానికి సరైన సాన పట్టేవారు దొరకరు. చేతిపనిలో ఓపిక, కొలతల మీద శ్రద్ధ ఉన్న మనిషి ఒక గది, ఒక గట్టి బల్ల, కొన్ని ఆకురాళ్లతో మొదలుపెట్టి, క్రమంగా ఇంజను మరమ్మతుల దాకా విస్తరించుకోగల వృత్తి ఇది. ఇందులోకి రావాలనుకునేవారు ముందు ఏమి నేర్చుకోవాలో, ఏది కొంతకాలం ఆగి నేర్చుకోవచ్చో ఈ ప్రసంగంలో వివరిస్తాను.

ఇంజను విప్పి బిగించడం రానిదే ఈ వ్యాపారం చేయలేమని చాలామంది అనుకుంటారు. నేను దానితో ఏకీభవించను. ఈ వృత్తికి పునాది గొలుసు పదును. "రంపంలో బలం తగ్గిపోయింది, ఇంజను చూడండి" అంటూ తెచ్చే యంత్రాలలో చాలావాటికి ఇంజను బాగానే ఉంటుంది, పళ్లే మొద్దుబారి ఉంటాయి. పదునైన గొలుసు తనంతట తానే దుంగలోకి దిగుతుంది, చెక్కపేళ్లను విసురుతుంది. మొద్దుబారిన గొలుసు మెత్తటి పొట్టును మాత్రమే రాలుస్తుంది. అప్పుడు మనిషి రంపాన్ని బలంగా అదుముతాడు, ఆ ఒత్తిడికి గొలుసూ, అది తిరిగే పొడవాటి ఉక్కు పలక అయిన బారూ వేడెక్కి నూనె మాడి పొగ వస్తుంది, క్లచ్ జారుతుంది, ఇంజను అదనపు భారంతో వేడెక్కుతుంది. అంటే పదునును నిర్లక్ష్యం చేయడమే కొంతకాలానికి అసలైన ఇంజను జబ్బుగా మారుతుంది. కాబట్టి వచ్చిన ప్రతి యంత్రంలోనూ ముందుగా గొలుసును పరీక్షించే అలవాటు చేసుకోవాలి.

పదును పెట్టాలంటే పన్ను ఎలా కోస్తుందో తెలియాలి. 1946లో జోసెఫ్ కాక్స్ అనే అమెరికన్ చెట్టుకోత కార్మికుడు ఒక మొద్దును తొలుస్తున్న పెంకుపురుగు లార్వాను గమనించారు. ఆ పురుగు తన వంపు దవడలను ఎడమకూ కుడికీ కదుపుతూ, నార వెంబడీ నారకు అడ్డంగానూ ఒకే తేలికతో చెక్కను కొరుకుతోంది. అప్పటి రంపపు గొలుసుల పళ్లు చెక్కను గీరేవి, వాటిని మాటిమాటికీ సానపట్టవలసి వచ్చేది. కాక్స్ ఆ పురుగు దవడల తీరులో వంపు తిరిగిన పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి అమర్చి కొత్త గొలుసు తయారుచేసి, 1947లో అమ్మకానికి తెచ్చారు. నేడు మన బల్ల మీదికి వచ్చే గొలుసుల్లో అత్యధికం ఆ నమూనాకు వారసులే.

ప్రతి పంటికీ రెండు భాగాలు ఉంటాయి. వెనుక ఉన్నది కోసే అంచు, ముందున్న చిన్న మూపురం లాంటిది డెప్త్ గేజ్. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది ఈ మూపురమే. దాదాపు అన్ని సాధారణ గొలుసుల్లో అది కోసే అంచు కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఇక్కడే కొత్తవారు గ్రహించవలసిన ముఖ్యమైన విషయం ఉంది. పంటి పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కనుక, మనం ఆకురాయితో పన్నును అరగదీసిన కొద్దీ కోసే అంచు వెనక్కి జరగడంతో పాటు కిందికీ దిగుతుంది. మూపురం మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంటుంది. రెండింటి మధ్య తేడా తగ్గిపోయి, వెంట్రుకను కోసేంత పదునున్నా పన్ను చెక్కను అందుకోలేని స్థితి వస్తుంది. పదును పెట్టించినా కోయడం లేదనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. మూడు నాలుగు సార్లు సానపట్టిన గొలుసుకు గేజ్ పలక పెట్టి, పైకి పొడుచుకువచ్చిన మూపురాన్ని బల్లపరుపు ఆకురాయితో తగ్గించి, దాని ముందు అంచును తిరిగి గుండ్రంగా చేయాలి. త్వరగా కోస్తుందన్న ఆశతో దాన్ని మరీ తగ్గిస్తే పన్ను చెక్కను అతిగా పట్టుకుంటుంది, రంపం అదురుతుంది, వెనక్కి ఎగదన్నే ప్రమాదమూ పెరుగుతుంది. ఎంత అనుభవం ఉన్నా ఈ ఒక్క కొలతను కంటి అంచనాకు వదలకూడదు.

తరువాతది ఆకురాయి ఎంపిక. గొలుసులో వరుసగా ఉన్న మూడు రివిట్ల దూరాన్ని కొలిచి, అందులో సగం తీసుకుంటే పిచ్, అంటే గొలుసు పరిమాణాన్ని తెలిపే కొలత, వస్తుంది. 0.325 అంగుళాల పిచ్ గొలుసుకు సాధారణంగా 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడతారు. చిన్న రంపాలకు వచ్చే తక్కువ ఎత్తు 3/8 అంగుళాల గొలుసుకు 4 మిల్లీమీటర్లు, పెద్ద రంపాల 3/8 గొలుసుకు 5.2 లేదా 5.5, పెద్ద దుంగలు కోసే 0.404 గొలుసుకు 5.5 మిల్లీమీటర్లవి సరిపోతాయి. తయారీదారును బట్టి కొద్దిపాటి తేడాలుంటాయి కాబట్టి ఒక మంచి కాలిపర్‌ను, తయారీదారుల పట్టికలను బల్ల దగ్గరే ఉంచుకోవాలి. తక్కువ ఎత్తు 3/8కీ పెద్ద 3/8కీ పిచ్ ఒకటే అయినా పంటి ఎత్తు వేరు. పిచ్ మాత్రమే చూసి ఆకురాయి తీసేవారు ఇక్కడ పొరబడతారు.

పని తీరు ఇలా ఉంటుంది. బారును వైస్‌లో బిగించి, గొలుసు కదలకుండా బిగువు చేసి, అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్నును వెతకాలి. ఆ పన్నే మిగిలినవాటికి కొలత. ఆకురాయి మందంలో సుమారు అయిదో వంతు పంటి పైఅంచుకు మీదుగా ఉండేలా ఆనించి, మామూలు గొలుసుకైతే దాదాపు 30 డిగ్రీల కోణంలో, పంటి లోపలి వైపు నుంచి బయటికి తోయాలి. వెనక్కి తీసేటప్పుడు ఆకురాయి పన్నును తాకకూడదు. తాకితే ఆకురాయి పళ్లే అరిగిపోతాయి. ఒక వైపు పళ్లన్నీ పూర్తిచేశాక రెండో వైపుకు మారాలి. బారు గాడిలో నడిచే డ్రైవ్ లింకులు 72 ఉన్న సాధారణ గొలుసులో 36 పళ్లుంటాయి, అందులో 18 ఎడమవి, 18 కుడివి. కుడిచేతివాటం మనిషికి ఒక వైపు బలంగా, ఇంకో వైపు బలహీనంగా తోసే గుణం సహజంగానే ఉంటుంది. దానివల్ల ఒక వైపు పళ్లు పొట్టివై, కోత ఒక పక్కకు వంకర తిరుగుతుంది. కాబట్టి ఎన్నిసార్లు తోశామన్న లెక్క మీద ఆధారపడకుండా ప్రతి పంటి పొడవునూ కొలిచి సరిచూడాలి.

గ్రైండర్ యంత్రం ఎప్పుడు కొనాలన్నది అందరూ అడిగే ప్రశ్న. ఆకురాయితో పన్ను స్వభావం చేతికి తెలిసిన తరువాతే కొనాలని నేను గట్టిగా చెబుతాను. యంత్రం వేగాన్నిస్తుంది, అంతే వేగంగా గొలుసును పాడుచేస్తుంది కూడా. సానచక్రాన్ని పంటి మీద ఒక్కచోట అదిమి ఉంచితే ఉక్కు నీలిరంగుకు తిరుగుతుంది. ఆ వేడికి అంచు గుణం చెడిపోయి, అయితే తొందరగా మొద్దుబారుతుంది, లేదా గట్టిపడి తరువాత ఆకురాయికి లొంగదు. చక్రాన్ని తాకించి వెంటనే ఎత్తడం, ఎక్కువ అరగదీయవలసి వస్తే గొలుసు మొత్తం రెండు మూడు చుట్లు తిప్పి కొద్దికొద్దిగా తీయడం, చక్రం ముఖాన్ని తరచుగా శుభ్రం చేసి ఆకారం సరిదిద్దడం తప్పనిసరి. చక్రాన్ని మోసే చేయి వణికే చవక యంత్రం ఎడమ పంటికి ఒక కోణాన్ని, కుడి పంటికి ఇంకో కోణాన్ని ఇస్తుంది. అలాంటిది కొనడం కంటే మరికొంతకాలం ఆకురాయితోనే నెట్టుకురావడం మేలు. రాయికో మేకుకో తగిలి వచ్చిన గొలుసుల దగ్గర మాత్రం యంత్రం విలువ తెలుస్తుంది. పంటి పైన ఉండే క్రోమియం పూత అంచు దగ్గర ఎంతవరకు పోయిందో భూతద్దంతో చూసి, పూత చెక్కుచెదరకుండా ఉన్న చోటిదాకా అరగదీయాలి. పూత పోయిన అంచుకు ఎంత మెరుపు తెచ్చినా అది నాలుగు కోతలకు మించి నిలవదు.

గొలుసుతో పాటు బారును కూడా చూడకపోతే పని సగమే అయినట్టు. దాని గాడిలోని మురికినీ, నూనె రంధ్రాన్నీ శుభ్రం చేయాలి, అంచుల్లో లేచిన పదునైన లోహపు మొనలను బల్లపరుపు ఆకురాయితో తీయాలి, రెండు అంచులూ సమానంగా అరిగేలా బారును తిరగేసి బిగించాలి. గొలుసును తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ల మీద గొలుసు చేసిన గాడి అరమిల్లీమీటరు దాటితే దాన్ని మార్చక తప్పదు. లేకపోతే కొత్త గొలుసు కూడా త్వరగా సాగిపోతుంది.

ఇక ఇంజను. పెట్రోలు చైన్‌సాలో సాధారణంగా ఉండేది టూ-స్ట్రోక్ ఇంజను. పెట్రోలులో కలిపే నూనె తప్ప దానికి వేరే నూనె ఉండదు. నేటి యంత్రాలలో ఎక్కువ వాటికి 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు కలపాలని తయారీదారులు చెబుతారు. స్టార్టు కాని యంత్రం వస్తే ముందుగా ట్యాంకులోని పాత ఇంధనాన్ని తీసేసి తాజాది పోయాలి. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు, దాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో బంకలా పేరుకుంటుంది, లోపలి పలుచని పొరలు గట్టిపడిపోతాయి. ఆ తరువాత ఇంధనపు వడపోత, గాలి వడపోత, ప్లగ్గులో నిప్పురవ్వ, సైలెన్సర్‌లోని మసి పట్టిన జాలీ, చివరికి సిలిండర్ ఒత్తిడి, ఈ వరుసలో వెళితే అనవసరంగా విప్పే పని తప్పుతుంది.

సైలెన్సర్ తీసి, పొగ వెళ్లే రంధ్రంలోంచి టార్చి లైటు వేసి పిస్టన్‌ను చూడడం నేర్చుకోండి. ఆ ఒక్క చూపు చాలా కథ చెబుతుంది. పొగ రంధ్రం వైపు మాత్రమే గీతలు పడితే నూనె చాలకో, గాలి ఎక్కువై ఇంధనం తగ్గిపోవడం వల్లో ఇంజను వేడెక్కిందని అనుమానించాలి. ఇంధనం లోపలికి వచ్చే వైపు గీతలుంటే వడపోత దాటి దుమ్ము లోపలికి వెళ్తోందని అర్థం. కారణం కనిపెట్టకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారిన పోతుంది. సీళ్ల దగ్గర గాలి లీకు ఉందేమో ఒత్తిడి పరీక్షతో తేల్చుకున్నాకే కార్బ్యురేటర్ మరలను తిప్పాలి, తిప్పినా ఇంజను వేగాన్ని టాకోమీటరుతో సరిచూడాలి. క్లచ్ విప్పేటప్పుడు చాలా యంత్రాలలో మర ఎదురు దిశలో ఉంటుందని, సవ్యదిశలో తిప్పితేనే వదులవుతుందని గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రానిక్ నియంత్రణతో వచ్చే కొత్త ఇంజన్లకు ప్రత్యేక పరీక్షా పరికరాలు కావాలి. మొదట్లో వాటిని కంపెనీ సేవా కేంద్రానికి పంపడమే మర్యాద.

ఒక విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. బారు కొన పైభాగం గట్టి వస్తువుకు తగిలితే రంపం కనురెప్పపాటులో మనిషి ముఖం వైపు ఎగదన్నుతుంది. ఆ క్షణంలో కాపాడేది గొలుసును వెంటనే ఆపే, ముందున్న చైన్ బ్రేక్. తెగిన గొలుసును ఆపే క్యాచర్, పొరపాటున ఆక్సిలరేటర్ నొక్కుకోకుండా ఆపే తాళం కూడా అంతే ముఖ్యమైనవి. వీటిలో ఏది పనిచేయకపోయినా, పదును ఒక్కటే పెట్టి ఇవ్వమని ఖాతాదారు ఎంత బతిమాలినా, యంత్రాన్ని ఆ స్థితిలో తిరిగి పనికి పంపకూడదు. పదునెక్కిన గొలుసు, పనిచేయని బ్రేకు కలిస్తే జరిగే ప్రమాదంలో సానపట్టిన చేతికీ బాధ్యత ఉంటుంది. మన భద్రతనూ అంతే పట్టించుకోవాలి. గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు, గొలుసు పట్టుకునేటప్పుడు చేతితొడుగులు వాడాలి, పెట్రోలును నిప్పురవ్వలకు దూరంగా ఉంచాలి, మూసిన గదిలో ఇంజను నడపనే కూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

వ్యాపారం నడిపే తీరు గురించి కొంత చెబుతాను. వచ్చిన ప్రతి వస్తువుకూ చీటీ కట్టి, పేరు, తేదీ, ఫిర్యాదు, చూసినప్పటి స్థితి రాయాలి. సానకు రుసుమును గొలుసు పొడవును బట్టి ముందే ప్రకటించవచ్చు. రాయి తగిలిన గొలుసుకు ఎక్కువ సమయం పడుతుంది కనుక దానికి వేరే రేటు ఉండాలి. ఇంజను పనికి ముందు అంచనా చెప్పి, ఒప్పుకున్నాకే విప్పాలి. మరమ్మతు ఖర్చు యంత్రం విలువలో సగం దాటుతుంటే ఆ మాట దాచకుండా చెప్పడం నిజాయితీ. గొలుసును చుట్టలుగా కొని, రివిట్లు విడదీసి బిగించే పరికరాలు సమకూర్చుకుంటే ఏ పొడవు అడిగినా అక్కడికక్కడే తయారుచేసి ఇవ్వవచ్చు. గాలివానల తరువాత పని ఒక్కసారిగా వచ్చిపడుతుంది కాబట్టి ఎక్కువగా అడిగే గొలుసులు, ప్లగ్గులు, వడపోతలు ముందే నిల్వ ఉంచుకోవాలి.

యంత్రాన్ని అప్పగించే ముందు ఖాతాదారు ఎదుటే ఒక దుంగ కోసి చూపించండి. బారు కొనను లేతరంగు చెక్కకు దగ్గరగా, తాకకుండా పట్టుకుని ఇంజను నడిపితే చెక్క మీద నూనె చార పడాలి. పడకపోతే గొలుసుకు నూనె అందడం లేదు, యంత్రాన్ని తిరిగి బల్ల మీదికి తీసుకెళ్లాలి. అంతా సరిగా ఉంటే, రోజూ పని మధ్యలో ఆకురాయితో రెండు మూడు తోపులు ఎలా తోయాలో కూడా ఆయనకు నేర్పండి. అలా నేర్పితే రాబడి పోతుందని భయపడేవారున్నారు. నేను అలా భావించను. మధ్యమధ్య అంచును సరిదిద్దుకునే మనిషి గొలుసును పూర్తిగా పాడుకానివ్వడు, కొలతలన్నీ సమం చేయించుకోవడానికి దాన్ని మళ్లీ మన దగ్గరికే తెస్తాడు, పదునైన రంపంతో పనిచేయడం అలవాటైనవాడు కనుక మన పనిలో తేడా ఉంటే మొదటి కోతలోనే కనిపెట్టి చెబుతాడు.