మింగేదీ చిమ్మేదీ ఒకే చోట

అధ్యక్షులకు, సభకు నమస్కారం. టైమ్ తక్కువ, నేరుగా విషయానికి వస్తాను.

బ్లాక్‌హోల్ అనగానే మనకు మింగేయడమే గుర్తొస్తుంది. కానీ 1918లోనే ఖగోళ శాస్త్రవేత్త హీబర్ కర్టిస్ ఎం87 గెలాక్సీ ఫొటోలో ఒక తిన్నని వింత గీత చూశారు. కేంద్రం నుంచి వేల కాంతి సంవత్సరాలు సాగిన జెట్ అది, అంటే సన్నగా, వేగంగా చిమ్మిన ధార. దాని మొదట్లో ఉన్నది 650 కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్‌హోల్. మింగేదాని దగ్గర ఈ చిమ్మడం ఏమిటి?

లోపల పడ్డది తిరిగి రాదు. అందులో సందేహం లేదు. అయితే చుట్టూ పళ్లెంలా సుడి తిరుగుతూ పడే వాయువు అయస్కాంత క్షేత్రాన్ని కూడా లాక్కొస్తుంది. బ్లాక్‌హోల్ తిరుగుతుంటే ఆ బలరేఖలు మెలిపడి, దాని భ్రమణ శక్తిని బయటికి తోడతాయి. 1977లో బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే. వాయువు రాక ఆగితే ఆ క్షేత్రాన్ని అక్కడ పట్టి ఉంచేది ఉండదు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి ఎక్స్‌రే గ్రాఫ్ చూస్తున్నాను. పక్క నక్షత్రం నుంచి వాయువు లాక్కుంటున్న చిన్న బ్లాక్‌హోల్ అది. ఎక్స్‌రేలు హార్డ్‌గా, అంటే ఎక్కువ శక్తితో, ఉన్నంతకాలం జెట్ నిలకడగా ఉంటుంది. సాఫ్ట్‌గా, అంటే తక్కువ శక్తితో, మారేటప్పుడు ముద్దలు ముద్దలుగా విసిరి ఆగిపోతుంది. సరిగ్గా ఆ మార్పే మొదలైంది! జెట్ బాగా కనబడేది రేడియోలో, అందుకే రేడియో టెలిస్కోప్ టైమ్ అడిగాం. "వచ్చే విడతలో చూద్దాం" అన్నారు. ఐదు వారాల తర్వాత చూస్తే రేడియోలో ఏమీ లేదు. ఖాళీ. ఆ ఖాళీ గ్రాఫ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కలిసి చూస్తే ఏం దొరుకుతుందో తెలుసా? 1997 సెప్టెంబర్ 9న జీఆర్‌ఎస్ 1915+105 అనే ఇలాంటి చిన్న బ్లాక్‌హోల్‌ను ఎక్స్‌రేలో, ఇన్‌ఫ్రారెడ్‌లో, రేడియోలో ఒకేసారి చూశారు. ఎక్స్‌రే వెలుగు పడిపోయింది, అంటే పళ్లెం లోపలి అంచు ఖాళీ అయింది. నిమిషాల్లో ఇన్‌ఫ్రారెడ్ లేచింది, దాని వెనకే రేడియో. ఆ రెండూ జెట్ వెలుగే. పళ్లెంలో తగ్గింది జెట్‌లో తేలింది! మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ కథ మనకు తెలిసేది కాదు.

విద్యార్థులు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. దయచేసి వినండి: ఎక్స్‌రే వాళ్లు ఒక గదిలో, రేడియో వాళ్లు ఇంకో గదిలో కూర్చునే అలవాటును మీరు మోయకండి. దరఖాస్తు రాసేటప్పుడే రెండో టెలిస్కోప్ పేరు కూడా రాయండి.

2019లో అందరూ ఫోన్లలో పంచుకున్న ఆ నారింజ రంగు వలయం గుర్తుందా? ఎం87దే. అందులో జెట్ కనబడదు. 2018లో ఇంకాస్త పొడవైన తరంగాల్లో తీసిన బొమ్మ 2023లో వచ్చింది. అందులో వలయమూ ఉంది, దాని నుంచి బయల్దేరుతున్న జెట్ మొదలూ ఉంది. లైట్లు ఆపండి, ఆ బొమ్మ చూపిస్తాను.