పర్లాకిమిడి నోట ‘లైన్’

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో తెల్లారిన దగ్గర్నుంచి వినపడే ఇంగ్లీషు మాట ఒకటుంది. అదే లైన్. కుళాయి దగ్గర లైన్, ఫోన్‌లో లైన్, కరెంటు స్తంభం మీద లైన్. పిల్లలు నిఘంటువు తీస్తే దీనికి ఎదురుగా ముందు కనిపించేది ‘గీత’. ఆ ఒక్క అర్థమే బట్టీపట్టిన పిల్లవాడు పాఠంలో రెండో వాక్యానికే తికమక పడతాడు. వాడి చేతికి ఏమివ్వాలన్నదే ఈ ప్రసంగం.

లాటిన్‌లో ‘లీనుమ్’ అంటే అవిసె మొక్క. దాని నారతో పేనిన దారం ‘లీనియా’. మన నోట్లో నానే లైన్ అక్కడి నుంచే వచ్చింది. ఈ దారాన్ని పట్టుకుంటే మిగతా అర్థాలు వాటంతటవే వస్తాయి. లాగి పట్టిన దారం గీతలా నిలుస్తుంది. కొసన గాలం కడితే చేపలు పట్టే లైన్. బట్టలు ఆరేసే తాడు, కాగితం మీద అక్షరాల వరస, పద్యంలో పాదం, అరచేతిలో రేఖ, ఇంగ్లీషువాళ్లకు అన్నీ లైనే. మనకు మాత్రం దేని పేరు దానిది. పెళ్లిలో భోజనాలకు కూర్చున్న వరసను ఇప్పటికీ బంతి అనే అంటాం. ఆ మాట అలాగే ఉండాలని నా కోరిక.

మన ఊళ్లలో ఒక ముచ్చట వినండి. వానాకాలం సాయంత్రం గాలి లేచి వీధంతా చీకటైపోతుంది. మన వాకిట్లోంచి ‘అయ్యో, కరెంటు పోయింది’ అంటారు. పక్క వాకిట్లోంచి ఒడియావాళ్లు ‘లైన్ కటిగలా’ అంటారు. పోయింది ఒక్కటే, చెప్పడానికి వాడినవి రెండు ఇంగ్లీషు మాటలు. కరెంటు అంటే ప్రవాహం, లైన్ అంటే ఆ ప్రవాహం నడిచే తీగ. మనం పారేదాని పేరు పట్టుకున్నాం, వాళ్లు దారి పేరు పట్టుకున్నారు. రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు రెండూ అర్థమవుతాయి, రెండూ నోటికొస్తాయి. ఇది ఎంత పెద్ద ఆస్తో మనం గుర్తించడం లేదని నాకు బాధ. అయితే ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ రెండూ అలాగే పెడితే కుదరదు. అక్కడ పోయేది ‘పవర్’.

రైలు దారీ లైనే. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. తర్వాత అది గుణుపురం దాకా సాగింది. 2004లో ఆపేసి దారంతా మార్చారు. 2011 నాటికి గుణుపురానికి బ్రాడ్‌గేజ్, అంటే వెడల్పు పట్టాల దారి, వచ్చింది. ‘లైన్ క్లియర్’ అనే మాట మనకు రైల్వేవాళ్లు ఇచ్చిందే. ఎదురుగా మరో బండి లేదు, రావచ్చు అని ముందు స్టేషన్‌వాళ్లు ఇచ్చే అనుమతి అది. ఇప్పుడు పెళ్లికి పిల్ల తరఫువాళ్లు ఒప్పుకున్నారని తెలిస్తే చాలు, ‘ఇంకేం, లైన్ క్లియర్’ అంటాడు మేనమామ.

మనకు బాగా తెలిసిన లైన్ ఇంకొకటి ఉంది, పటం మీది హద్దు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఆ గీత పర్లాకిమిడి జమీందారీ మధ్యలోంచి పోయింది. ఊరు ఇటు ఒరిస్సాలోకి వచ్చింది, కొంత భూభాగం మద్రాసు వైపే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పిల్లలకు చదువు చెప్పారు. ఇక్కడి గిరిజనులైన సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పట్టుబట్టారు. అన్నేళ్లు బతికిన ఊరిని ఆయన ఆ 1936లోనే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇంగ్లీషులో ‘డ్రా ద లైన్’ అంటే ఇంతవరకే, ఇక దాటొద్దు అని తేల్చి చెప్పడం. ఆ మాట బరువు మన ఊరివాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇక చదువుకునే పిల్లలకు. దుకాణం ముందు నిలబడే వరసను అమెరికావాళ్లు లైన్ అంటారు, బ్రిటిష్‌వాళ్లు క్యూ అంటారు. మీ పాఠ్యపుస్తకంలో ఏది ఉందో చూసుకోండి. ‘ఏ లైన్‌లో ఉన్నాడు’ అని ఉద్యోగం గురించి అడగడం ఇంగ్లీషులోనూ ఉంది. కుర్రాళ్లు అనే ‘లైన్ వేయడం’ మాత్రం మనం పుట్టించుకున్నదే, పరీక్షలో రాయకండి. దరఖాస్తుల రోజుల్లో టెన్షన్ పెట్టే డెడ్‌లైన్ కథ వేరు. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం నాటి జైళ్లలో, ఖైదీ దాటితే కాల్చేసే హద్దుకు ఆ పేరుండేది. గడువు అనే అర్థం తర్వాత వచ్చింది.

కొత్త మాట కనబడ్డప్పుడు నోటుపుస్తకంలో దాని అర్థం ఒక్కటే రాయకండి. అది వచ్చిన వాక్యం మొత్తం రాయండి. కింద ఇంట్లో అమ్మ ఆ సంగతిని ఎలా చెబుతుందో తెలుగులో రాయండి. పక్కింటివాళ్లు ఒడియాలో ఎలా అంటారో అడిగి అదీ రాయండి. సవర వచ్చిన స్నేహితులుంటే వాళ్లనూ అడగండి.

సెలవు. నమస్కారం.